ఇరవై ఏడో ఫారం

సైన్సు మాస్టారికి రెండు గొప్పలుండేవి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒంట్లో బాగోలేదని ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదన్నది మొదటిది. అందుకు కారణం తన చేతులేనన్నది రెండోది. ఆయన చేతులు కడుక్కోవడం చూసి తీరాలి. మోచేతుల దాకా సబ్బు, వేళ్ళ సందుల్లో సబ్బు, పెదాలు కదుపుతూ ఇరవై దాకా లెక్క. ఆ లెక్క పూర్తయ్యేదాకా సాక్షాత్తూ హెడ్మిస్ట్రెస్ పిలిచినా పలికేవారు కాదు. వెనకాల పిల్లలు నించుని తామూ లెక్కపెడుతూ ఇకిలించేవారు. "నవ్వితే నవ్వనీండి, చూసి నేర్చుకుంటున్నారుగా" అనేవారు ఆయన. మంచి మనిషే. కాకపోతే తన మంచితనం మీద కాస్త నమ్మకం ఎక్కువ.

సోమవారం సాయంత్రాలు ఆయన పెద్ద తరగతుల పిల్లలకి ఒక క్లబ్బు నడిపేవారు. ఒకచోట ఉన్నట్టుండి పదిమందికి ఒకే జబ్బు వస్తే అది ఎక్కడ మొదలైంది, ఎలా పాకింది, ఎలా ఆపాలి అని ఆరా తీసే విద్య అది. పెద్ద కాలేజీల్లో చెప్పే సంగతులు. "పధ్నాలుగేళ్ళ పిల్లలకి ఇవెందుకండీ, పరీక్షల్లో రావుగా?" అని తోటి టీచర్లు ఆటపట్టించేవారు. "ఇళ్ళల్లోకి వస్తాయి" అనేసి ఆయన చక్కా పోయేవారు. ముప్ఫై నాలుగు మంది పిల్లలు చేరారు. మార్కులు లేని క్లాసుకి అంతమంది రావడం ఆ స్కూలు చరిత్రలో లేదు.

ల్యాబ్‌లో బోర్డు పైఅంచున గీత గీసి, దాని మీద చెరపకూడని మూడు మాటలు రాసిపెట్టారు. జబ్బుపడినవాళ్ళనే కాదు, పడనివాళ్ళనీ అడగాలి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, దిద్దకూడదు. దోషి ఎవరో ముందే అనుకుని బయల్దేరకూడదు. బంగారం లాంటి మాటలు. ఆ మూడింటినీ మాస్టారు స్వయంగా తుంగలో తొక్కారు. ఆ సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆ సోమవారం క్లబ్బులో పుల్లనీళ్ళ ఆట పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక గాజు గ్లాసులో సగం దాకా నీళ్ళు. అందరివీ మామూలు నీళ్ళే, ఒక్క గ్లాసులో మాత్రం నిమ్మ ఉప్పు కలిపి ఉంటుంది. అదెవరి చేతిలో ఉందో ఎవరికీ తెలియదు. పిల్లలు గదంతా తిరిగి ఒక్కొక్కరూ ముగ్గురితో నీళ్ళు కాస్త కాస్త మార్చుకోవాలి. తర్వాత ఎవరి గ్లాసు వాళ్ళు రుచి చూసుకోవాలి. పుల్లగా ఉంటే జబ్బు అంటుకున్నట్టు. ఎవరు ఎవరితో మార్చుకున్నారో రాసుకుని, వెనక్కి వెనక్కి వెళ్ళి ఆ మొదటి గ్లాసుని పట్టుకోవాలి. నిజానికి రుచి చూడక్కర్లేకుండా రంగు మారే మందుతో ఆడే ఆట ఇది. ఆ మందు సీసా అడుగంటింది, కొత్తది రావడానికి నెలపడుతుంది. అందుకని మాస్టారు నిమ్మ ఉప్పు కనిపెట్టి తన తెలివికి తానే మురిసిపోయారు. పిల్లలు నాలుక మీద చుక్క వేసుకుంటారనుకున్నారాయన. వాళ్ళు గ్లాసులు ఖాళీ చేసి, "సార్, ఇంకోసారి!" అన్నారు.

మంగళవారం స్కూల్లో భోజనంలోకి గుడ్ల కూర. బుధవారం పొద్దున హాజరు పిలిస్తే ఇరవై ఆరుగురు లేరు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. ఒకరిద్దరికి సెలైన్ కూడా ఎక్కించారు. తల్లిదండ్రులు స్కూలు గేటు దగ్గర గోలగోల. ఏం తిన్నారురా అంటే ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ చెప్పింది ఒకటే మాట, గుడ్ల కూర. ఇంకేం కావాలి? పదిగంటలకల్లా హెడ్మిస్ట్రెస్ వంటగది తాళంచెవి తీసుకుని సొరుగులో వేసేశారు. శనివారం పేరెంట్స్ కమిటీ కూర్చుంటుందని, ఈలోగా కారణం తేలకపోతే వంటామెను మాన్పించేస్తామని నోటీసు పెట్టారు.

గురువారం స్కూలుకి వచ్చాకే మాస్టారికి ఇదంతా తెలిసింది. బుధవారం ఆయన రాలేదు. "ఇంట్లో పని" అని ఫోన్ చేశారు. ఆ పనేమిటో తర్వాత చెప్తాను.

నోటీసు చదవగానే ఆయన గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే వంటామె ఆయనకి ఊరికే వంటామె కాదు. పద్దెనిమిదేళ్ళ క్రితం ఆయన భార్య ఎనిమిది నెలలు ఆసుపత్రి మంచం మీద ఉంది. కూతురు అప్పుడు ఇదే స్కూల్లో ఒకటో తరగతి. మాస్టారు పొద్దునా సాయంత్రం ఆసుపత్రికీ స్కూలుకీ మధ్య పరుగులు తీస్తుంటే, ఆ పిల్లకి తలదువ్వి జడవేసింది, కథలు చెప్పి అన్నం తినిపించింది, మధ్యాహ్నం వంటగది మూలలో గోనెపట్టా మీద నిద్రపుచ్చింది ఈ వంటామే. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడా పిల్ల బ్యాంకులో ఆఫీసరు. పండక్కో పబ్బానికో ఫోన్ చేసినా ముందు "వంట పెద్దమ్మ ఎలా ఉంది నాన్నా?" అని అడిగాకే మిగతా కబుర్లు. స్కూలు పిల్లలందరికీ ఆమె పెద్దమ్మ. మాస్టారికి అక్క.

ఆ అక్క ఇవాళ సామాన్ల గది బయట బల్ల మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పని లేకుండా ఆమె చేతులు చూడటం మాస్టారికి అదే మొదటిసారి.

"అక్కా, నువ్వేం దిగులు పెట్టుకోకు. నేనున్నాను. నా పిల్లలున్నారు. రెండు రోజుల్లో అసలు కారణం పట్టుకుంటాం" అన్నారు.

"గుడ్లు మంచివే సారూ. ఒక్కోటీ నీళ్ళల్లో వేసి చూసుకున్నాకే ఉడకబెట్టాను" అంది ఆమె. ఇంకేదో అడగబోయి ఊరుకుంది. ఆయన తొందరలో ఉన్నారు, గమనించలేదు.

క్లబ్బు పిల్లల్లో లేచి తిరుగుతున్నవాళ్ళు పదకొండు మంది. వాళ్ళకి ఆ గంటలోనే పని పంచారు. వాళ్ళల్లో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎందుకమ్మ. ఆ పిల్లది తొమ్మిదో తరగతి, వాళ్ళ నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఏది చెప్పినా "ఎందుకు సార్?" అనడంతో మొదలుపెడుతుంది కాబట్టి ఆ పేరు. పరుగుపందేల్లో స్కూలుకి కప్పులు తెస్తుంది. పరుగు ప్రాక్టీసు ఉందని సోమవారం ఆట మధ్యలోనే ఆమె, ఇంకో ముగ్గురు గ్లాసులు బల్ల మీద పెట్టేసి మైదానానికి వెళ్ళిపోయారు.

మాస్టారు స్వయంగా కూర్చుని ప్రశ్నల ఫారం తయారుచేశారు. మంగళవారం స్కూల్లో భోజనం చేశావా, గుడ్డు తిన్నావా, స్కూలు కుళాయి నీళ్ళు తాగావా, గేటు దగ్గర ఐస్ బండిలో ఏమైనా కొన్నావా, జబ్బు ఏ రోజు ఎన్నింటికి మొదలైంది. ఐస్ బండి దగ్గర ఆయన కలం కాస్త గట్టిగానే నొక్కుకుంది. క్లబ్బు పిల్లలే ఎక్కువమంది పడ్డారన్నది ఆయన దృష్టికి రాకపోలేదు. "మరి క్లబ్బు అయ్యాక గుంపుగా వెళ్ళి ఐస్ మీద పడేది వీళ్ళేగా" అనుకున్నారు. అనుకోవడమేమిటి, తీర్పే చెప్పేశారు మనసులో. అక్కని కాపాడాలన్న ఆత్రంలో పాపం ఐస్ బండివాడి మెడకి ఉరి బిగించేశారు.

"సార్, అడుగున ఇంకో ప్రశ్న పెడదామా? సోమవారం పొద్దుటి నుంచి ఇంకేమైనా నోట్లో పెట్టుకున్నావా అని?" అంది ఎందుకమ్మ.

"ఎందుకమ్మా?" అన్నారు మాస్టారు. క్లాసు గొల్లుమంది.

"మనకి తట్టనిది వాళ్ళకి గుర్తుండొచ్చు కదా సార్."

"సరే, రాసుకో." పెద్దగా పట్టించుకోలేదాయన.

పిల్లలు ఇద్దరిద్దరుగా జట్లు కట్టి వీధుల మీద పడ్డారు. జబ్బుపడ్డ ఇరవై ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళారు. స్కూల్లో బాగున్నవాళ్ళని నలభై మందిని ఆపి అడిగారు. కొన్ని ఇళ్ళల్లో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు, కొన్ని ఇళ్ళల్లో "మీ వంటావిడని ముందు వెళ్ళగొట్టమను" అని తలుపేశారు. ఒక నాయనమ్మ తన మోకాళ్ళ నొప్పులు కూడా రాసుకోమని పట్టుబట్టి అరగంట కూర్చోబెట్టింది. రాశారు, చెప్పింది చెప్పినట్టు.

గురువారం సాయంత్రం ఫారాల కట్ట మాస్టారి ముందుకొచ్చింది. ఇక్కడండీ జరగాల్సింది జరిగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా పిల్లలు రాసిన కాగితం చేతికొస్తే ఆ వేళ్ళు ఎర్రపెన్ను కోసం వెతుక్కుంటాయి. ఆయన తప్పు కాదు, వేళ్ళ తప్పు. ఒక పిల్లాడి ఫారంలో జబ్బు మొదలైన సమయం "మంగళవారం, పొద్దున పది" అని ఉంది. మిగతావాళ్ళలో చాలామందికి మంగళవారం రాత్రి. "వెధవ, రాత్రి అనబోయి పొద్దున అన్నాడు" అనుకుని, ఠక్కున "పొద్దున" కొట్టేసి "రాత్రి" అని పైన రాశారు. ఒక్క కాగితం తేడాగా ఉంటే కమిటీవాళ్ళు మొత్తం కట్టనే పక్కన పడేస్తారన్న భయం కూడా ఉందిలెండి.

శుక్రవారం మధ్యాహ్నం ఎందుకమ్మ లెక్కలన్నీ పెద్ద కాగితం మీద గళ్ళు గీసి వేసుకుని ల్యాబ్‌కి వచ్చింది. మిగతా పిల్లల్ని బయటే ఉండమని, తలుపు దగ్గరగా వేసింది.

"సార్, జబ్బుపడ్డ ఇరవై ఆరుగురూ గుడ్డు తిన్నారు."

"అయ్యో."

"బాగున్న నలభై మందిలో ముప్ఫై ఏడుగురు కూడా తిన్నారు సార్. వాళ్ళకేం కాలేదు."

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశావా! నేను చెప్పలా? అడగాల్సింది బాగున్నవాళ్ళనే. అక్క బతికిపోయింది. మరి ఐస్?"

"తొమ్మిది మందే తిన్నారు సార్, ఇరవై ఆరులో. ఐస్ కాదు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "సార్, ఒక ఫారం ఎవరో దిద్దారు. నేనే వెళ్ళి మళ్ళీ అడిగొచ్చాను. వాళ్ళమ్మగారు కూడా చెప్పారు. వాడికి మంగళవారం పొద్దున పదింటికే వాంతి అయింది. అంటే మధ్యాహ్నం భోజనానికి ముందే. తగ్గిందనుకుని తర్వాత గుడ్డు కూడా తిన్నాడు."

ఎర్రసిరా ఎవరిదో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ కాగితం వంక చూడలేదు.

"ఇంకొకటుంది సార్." ఆమె ఫారాల్ని బల్ల మీద రెండు కుప్పలుగా పెట్టింది. పెద్ద కుప్ప మీద చెయ్యి వేసి నించుంది. "అడుగున ప్రశ్నకి వీళ్ళు రాసింది ఒకటే. ఇరవై మూడు మంది. మిగతా ముగ్గురూ వీళ్ళ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇంట్లో అంటుకుని ఉంటుంది. ఆట మధ్యలో వెళ్ళిపోయిన మా నలుగురికీ ఏం కాలేదు."

మాస్టారు పై కాగితం తీశారు. అడుగున గడిలో వంకర అక్షరాలతో ఉంది, "సార్ ఇచ్చిన పుల్లనీళ్ళు." రెండోది తీశారు. "పుల్లనీళ్ళు, రెండు గ్లాసులు, బాగున్నాయి." మూడోది తియ్యలేదు.

ఆటనాటి సంగతి గుర్తొచ్చింది. ఆ రోజు కుళాయి దగ్గర చిన్నపిల్లల వరస పెద్దదిగా ఉంటే, ఎవరు నించుంటారులే అని, గాజుసామాన్లు కడిగే నీళ్ళే టబ్బులోకి పట్టారాయన. ఆ నీళ్ళు ల్యాబ్ పైన డ్రమ్ములోంచి వస్తాయి. పైకెక్కి ఆ డ్రమ్ము చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

"సార్, మీరు కూడా ఆ రోజు గదిలో ఉన్నారు కదా. మీరు బుధవారం ఎందుకు రాలేదు?"

"ఇంట్లో పని" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల ఆయన వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత తలవంచుకుని, కాగితం అంచున "ఇంట్లో పని" అని రాసుకుంది. జవాబు చెప్పినవాళ్ళతో వాదించకూడదని ఆయనే నేర్పారు.

"రేపు కమిటీలో ఇది కూడా చెప్పాలా సార్?"

"రేపు... రేపు చూద్దాం. నువ్వైతే గుడ్డు లెక్క చెప్పు. ఆ లెక్క చాలు."

ఆమె సరేనంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది ఆయనకి.

పిల్ల వెళ్ళాక ల్యాబ్ అటెండర్ని వెంటబెట్టుకుని నిచ్చెన ఎక్కారు. డ్రమ్ము మూత సగానికి పగిలి ఉంది. చుట్టూ పావురాల రెట్టలు, లోపల నీళ్ళ మీద తేలుతున్న ఈకలు. మాస్టారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

"కంపు కొడుతోంది సార్. పారబోసి కడిగేయమంటారా?" అన్నాడు అటెండర్.

"కడిగెయ్" అన్నారు.

అటెండర్ గొట్టం తెచ్చి, మూత లాగి, డ్రమ్ముని వంచబోయాడు. పది నిమిషాల పని. అది అయిపోతే ఇక ఎవరొచ్చి ఏం చూసినా శుభ్రమైన డ్రమ్మే కనిపిస్తుంది. మాస్టారు నిచ్చెన సగం దిగి ఆగారు.

"ఆగు! ఆగవయ్యా బాబూ! ముట్టుకోకు. సీసా ఒకటి వేడినీళ్ళతో కడిగి తెచ్చి, ఆ నీళ్ళు పట్టి మూతపెట్టు. పరీక్షకి పంపాలి."

"ఎవరు పంపమన్నారు సార్?"

మాస్టారు సీసా నిండేదాకా అక్కడే ఉన్నారు. సీసా పట్టుకుని ఇంటికి పోయారు.

ఇంట్లో భార్య ఆ సీసానీ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది. విషయమంతా చెప్పారు, బుధవారం సంగతి తప్ప. ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషా?

"ఇంట్లో పనా? ఆ పిల్లతో ఇంట్లో పని అని చెప్పారా? మంగళవారం సాయంత్రం ఆరింటి నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా మీరు బాత్రూంలోంచి బయటికి వస్తే కదా పని చెయ్యడానికి! ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు తలుపు సందులోంచి అందించలేక నా చెయ్యి పడిపోయింది."

"అది ముందురోజు మిగిలిన కూర తినడం వల్ల."

"ఆ కూర నేనూ తిన్నాను. నాకేమైంది?"

మాస్టారు తన చేత్తో బోర్డు మీద రాసిపెట్టిన మాట. బాగున్నవాళ్ళని అడగాలి. ఇంట్లో ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషిని ఆయన అడగలేదు. చేతులు కడుక్కునే మాస్టారికి వాంతులు పట్టుకున్నాయంటే పిల్లలు పడీపడీ నవ్వుతారని సిగ్గుపడి, తనని తాను లెక్కలోనే వేసుకోలేదు. సోమవారం ఆ టబ్బులో నీళ్ళని అందరికంటే ముందు నాలుక మీద వేసుకుని చూసింది ఆయనే.

"రేపు నిజం చెప్తే నా పరువేం కాను?" అన్నారు నెమ్మదిగా.

"చెప్పకపోతే ఆవిడ పొయ్యేం కాను?" అంది భార్య. "నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు మన పిల్లకి నోట్లో ముద్దపెట్టిన మనిషండీ."

శనివారం పొద్దున హెడ్మిస్ట్రెస్ గదిలో కుర్చీలన్నీ నిండాయి. పేరెంట్స్ కమిటీ అధ్యక్షుడు చెప్పుల దుకాణం యజమాని. ఆయన కొడుక్కే సెలైన్ ఎక్కించారు, కాబట్టి కోపంగా ఉన్నాడు, తప్పులేదు. వంటామె తలుపు పక్కన నించుంది. కూర్చోమన్నా కూర్చోలేదు. మాస్టారు గోడవారగా, ఎందుకమ్మ గళ్ళకాగితం పట్టుకుని మధ్యలో.

పిల్ల గుడ్డు లెక్క చెప్పింది. గొంతు వణకలేదు, అంకెలు తడబడలేదు. బాగున్న నలభై మందిలో ముప్ఫై ఏడుగురు అదే కూర తిన్నారనగానే హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"బాగానే ఉందమ్మా. మరి దేనివల్ల వచ్చినట్టు?" అన్నాడు అధ్యక్షుడు.

ఎందుకమ్మ కాగితం వంక చూసింది. నేల వంక చూసింది. మాస్టారి వంక మాత్రం చూడలేదు. చూస్తే ఆయన్ని పట్టిచ్చినట్టవుతుందని ఆ పిల్ల భయం. అంత బరువు ఆ చిన్న భుజాల మీద పెట్టింది తనేనని మాస్టారికి అప్పుడు అర్థమైంది.

"తెలీదంటే ఎలా? రేపు మళ్ళీ జరిగితే ఎవరు పూచీ? తెలీనప్పుడు వంటమనిషిని మార్చడమే మంచిది. ఆవిడ మీద నాకేం కక్ష లేదు, పిల్లల సంగతి మేడమ్" అన్నాడు అధ్యక్షుడు.

హెడ్మిస్ట్రెస్ నిట్టూర్చి కలం తీసుకున్నారు. తలుపు పక్కన వంటామె రెండు చేతులూ ఒకదానితో ఒకటి తుడుచుకుంది, పని ముగించి ఇంటికి బయల్దేరేటప్పుడు తుడుచుకున్నట్టు.

"మేడమ్, ఒక్క ఫారం మిగిలిపోయింది" అంటూ మాస్టారు లేచారు. గదిలో అందరూ తిరిగి చూశారు. ఆయన కుర్చీ లాక్కుని ఎందుకమ్మ ఎదురుగా కూర్చున్నారు. "ఇరవై ఆరు ఫారాలున్నాయి కదమ్మా. ఇరవై ఏడోది నింపు. నన్ను అడుగు."

"అన్నీ అడగాలా సార్?"

"అన్నీ. వరసగా. ఒక్కటి కూడా వదలకు."

ఆ పిల్ల ఖాళీ ఫారం తీసి బల్ల మీద పెట్టుకుంది. ఇప్పుడు గొంతు వణికింది.

"మంగళవారం స్కూల్లో భోజనం చేశారా?"

"లేదు. నేను ఏ రోజూ చెయ్యను. ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటాను."

"గుడ్డు?"

"తినలేదు."

"కుళాయి నీళ్ళు? ఐస్?"

"రెండూ లేవు."

"కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, ఇందులో ఏమైనా వచ్చాయా?"

"మూడూ వచ్చాయి. మంగళవారం సాయంత్రం ఆరింటికి మొదలయ్యాయి. బుధవారం ఇంట్లో పని అని నిన్న నీతో అబద్ధం చెప్పానమ్మా. అది కొట్టేసి ఇది రాయి."

పిల్ల రాసింది.

"సోమవారం పొద్దుటి నుంచి ఇంకేమైనా నోట్లో పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను. క్లబ్బులో ఆటకోసం నేను కలిపిన నీళ్ళు. కుళాయి దగ్గర నించోడానికి బద్ధకించి ల్యాబ్ డ్రమ్ములోంచి పట్టాను. మూత పగిలింది, పావురాలు పాడుచేశాయి. ముందు నేను రుచి చూశాను, తర్వాత పిల్లలకిచ్చాను. సీసాలో ఆ నీళ్ళు తెచ్చాను మేడమ్, పరీక్షకి పంపండి. ఇందులో వంటగదికి ఏ సంబంధమూ లేదు. వీళ్ళు నిన్ననే పట్టుకున్నారు. చెప్పొద్దని నేనే ఆపాను."

ఆ తర్వాత పడాల్సినవన్నీ పడ్డాయి. అధ్యక్షుడు లేచి అరిచాడు. హెడ్మిస్ట్రెస్ అరవలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. మెమో రాశారు, క్లబ్బు మూసేయమన్నారు, మళ్ళీ తెరవాలంటే కమిటీ ఒప్పుకోవాలన్నారు. మాస్టారు అన్నిటికీ తలవంచి, చూపిన చోటల్లా సంతకం పెట్టారు. సిగ్గుగా లేదా అంటే బోలెడంత ఉంది, చెవులు కాలిపోతున్నాయి. అయినా ఆయన కళ్ళు మాటిమాటికీ ఎదురుగా ఉన్న ఆ ఫారం మీదికే పోతున్నాయి. ఆ పిల్ల గురువని జంకలేదు, జాలిపడి ఒక్క ప్రశ్నా దాటెయ్యలేదు. అన్ని గడులూ నిండి ఉన్నాయి. ఇన్నేళ్ళ పాఠాలకి ఫలితం ఇలా ఎదురుగా కూర్చుని తననే ప్రశ్నలడిగే భాగ్యం ఎంతమంది పంతుళ్ళకి దొరుకుతుంది?

"చాలా మేలు చేశావమ్మా" అన్నారు ఎందుకమ్మతో, అందరూ వినేలా. "నా కూతురికి తల్లైన మనిషికి నా చేత్తో అన్యాయం జరగబోయింది. ఆపావు. ఈ జన్మలో మర్చిపోను."

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ కాగితాలు సర్దుకుంది.

హెడ్మిస్ట్రెస్ సొరుగు తీసి తాళంచెవి బల్ల మీద పెట్టారు. "తప్పయిందమ్మా. సోమవారం నుంచి మీ వంటగది మీదే. ఏమైనా అడగాలా మమ్మల్ని? అడగండి, నిలదీయండి."

వంటామె తాళంచెవి వంక చూడలేదు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆ గదిలో నోరు విప్పింది. ఆమె అడిగింది హెడ్మిస్ట్రెస్‌ని కాదు, ఎందుకమ్మని.

"పిల్లలెలా ఉన్నారే తల్లీ? ఎవరూ చెప్పలేదు నాకు. అడిగితే ఏ మొహం పెట్టుకుని అడిగావంటారేమోనని నేనూ అడగలేదు."

గురువారం ఆ బల్ల దగ్గర ఆమె అడగబోయి ఆగిందేమిటో మాస్టారికి ఇప్పుడు తెలిసింది. అధ్యక్షుడు ఉన్నచోటే కూలబడి, "మావాడు బాగున్నాడమ్మా, నిన్న అన్నం తిన్నాడు" అన్నాడు మెల్లిగా.

"అందరూ లేచి తిరుగుతున్నారు పెద్దమ్మా. ఇరవై ఆరుకి ఇరవై ఆరు మంది" అంది ఎందుకమ్మ.

"ఇరవై ఏడు" అన్నారు మాస్టారు.

వంటామె అప్పుడు ఆయన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నారు, తిట్టినా పడదామనుకున్నారు. ఆమె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసి, చిన్నపిల్లాడిని కోప్పడ్డట్టు కోప్పడింది.

"మీరేం లేచారు సారూ, మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో. ఇంకో రెండు రోజులు కారం ముట్టుకోకండి. అన్నం మెత్తగా వండమనండి ఇంట్లో."

మాస్టారు అందరి ముందూ కళ్ళు తుడుచుకుని, "అలాగే అక్కా" అన్నారు.